మీ సీసా మళ్లీ సీసా కావాలంటే

పానీయాల కంపెనీల ప్యాకేజింగ్ డిజైన్, కొనుగోలు, మార్కెటింగ్ విభాగాల పెద్దలకు,

నమస్కారం.

ఇది రాస్తున్నప్పుడు నా టేబుల్ మీద ఒక స్టీలు ట్రే ఉంది. అందులో కిలో పెట్ (నీళ్ల, సోడా సీసాలు చేసే ప్లాస్టిక్) ఫ్లేక్. అంటే వాడి పారేసిన సీసాలను ముక్కలు చేసి, కడిగి, ఆరబెట్టిన సరుకు. ఒక్కో ముక్క చిటికెన వేలి గోరంత ఉంటుంది. పొద్దున ట్రేలో పోసినప్పుడు గాజు పెంకుల్లా మెరిశాయి. 220 డిగ్రీల ఓవెన్‌లో కాసేపు ఉంచి తీస్తే అన్నీ పాలలా తెల్లబడ్డాయి. వేడికి పెట్ అలాగే తెల్లబడుతుంది, అందులో వింతేమీ లేదు. కానీ ఆ తెలుపు మధ్యలో అక్కడక్కడా బొగ్గు రంగు మచ్చలు తేలాయి. పట్టకారుతో ఒక్కోటీ ఏరాను. పదకొండు. తూకం వేస్తే 80 మిల్లీగ్రాములు.

ఆ వేడికి అలా నల్లబడేది పీవీసీ, పైపులకు వాడే వేరే రకం ప్లాస్టిక్. అంతే, లాట్ (ఆ విడత సరుకు) మొత్తం పోయింది. మా దగ్గర సీసాలకు పంపే సరుకులో పీవీసీ పది లక్షల పాళ్లలో 50 పాళ్లు దాటకూడదు. అంటే కిలోకు 50 మిల్లీగ్రాములు. సీసా గోడంత మందమున్న ముక్కలైతే ఒకటో రెండో అన్నమాట. ఆ నల్లబడిన పదకొండు ముక్కలూ కాగితంలా పలచగా ఉన్నాయి. ఎక్కడివో చూడగానే తెలిసిపోయింది. సీసాకు మెడ దగ్గర నుంచి అడుగు దాకా బిగుతుగా తొడిగే రంగుల ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది చూడండి, ఫుల్ స్లీవ్, దానివి. ఇక ఈ లాటంతా సీసాకు పనికిరాదు. ప్యాకింగ్ పట్టీలకో, దిండ్లలో కూరే దూదికో పోతుంది. అక్కడి నుంచి మళ్లీ వెనక్కి రాదు.

నేను ఉద్యమకారిణిని కాను. పెట్ సీసాలు కడిగి, కరిగించి, మళ్లీ సీసాలకు పనికొచ్చే గుళికలు తయారుచేసే ప్లాంటులో క్వాలిటీ ల్యాబ్‌లో పని చేస్తాను. ప్లాస్టిక్ మీద నాకు ద్వేషమేమీ లేదు, నా జీతమే దాని మీద వస్తోంది. ఇన్నేళ్లలో మీ వైపు నుంచి వచ్చిన ఆడిటర్లను చూశాను, వాళ్ల ప్రశ్నల జాబితాలు చూశాను. "మీరు ఎంత నాణ్యమైన ఆర్‌పెట్ ఇవ్వగలరు?" అని అడుగుతారు, అంటే రీసైకిల్ చేసిన పెట్. "మా సీసా మీకు ఎలాంటి ఇబ్బంది పెడుతోంది?" అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడగరని అర్థమై, ఈ లేఖ రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. మీ సీసాలో రీసైకిల్ చేసిన ప్లాస్టిక్ ఎంత ఉండబోతోందో మా ప్లాంటుకు రాకముందే తేలిపోయి ఉంటుంది. సగం మీ డిజైనర్ కంప్యూటర్ మీద, మిగతా సగం మీ కొనుగోలు విభాగం సంతకం దగ్గర.

ముందు ఆ స్లీవు సంగతి. మా పని చాలావరకు నీళ్ల తొట్టిలోనే జరుగుతుంది. సీసాలను గ్రైండర్‌లో ముక్కలు చేసి నీళ్లలో వేస్తే పెట్ మునుగుతుంది, ఎందుకంటే అది నీటి కంటే బరువు. మూతలు పాలీఇథిలీన్‌వో, పాలీప్రొపిలీన్‌వో అయి ఉంటాయి కాబట్టి పైకి తేలతాయి. ఆ రకం ప్లాస్టిక్‌తో చేసిన లేబుళ్లూ తేలతాయి. పైది పైన, కిందది కింద, ఇంత తేలిక. పీవీసీ మాత్రం పెట్‌తో పాటే మునుగుతుంది. రెండింటి సాంద్రతా దగ్గర దగ్గరగా ఉంటుంది కాబట్టి నీళ్లు వాటిని విడదీయలేవు. పెట్‌జీ అనే ఇంకో స్లీవు రకం ఉంది. అదీ మునుగుతుంది, పైగా ఆరబెట్టే యంత్రంలో తక్కువ వేడికే మెత్తబడి పెట్ ముక్కలన్నింటినీ ముద్దలుగా అతికిస్తుంది. ఆ ముద్దలను కడ్డీతో పొడిచి లాగడానికి మా వాళ్లు పడే పాట్లు ఒక్కసారి చూస్తే చాలు, మీ డిజైనర్ పెట్‌జీ పేరు మళ్లీ ఎత్తడు.

పీవీసీ చేసే నష్టం కంటికి కనిపించేది కాదు. పెట్‌ను కరిగించాలంటే 270, 280 డిగ్రీల దాకా పోవాలి. పీవీసీ అంత వేడిని తట్టుకోలేదు. అంతకు చాలా ముందే విరిగిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం పెట్ అణువుల గొలుసులను తెంపుతుంది. సీసా బలమంతా ఆ గొలుసుల పొడవులోనే ఉంది. సోడా సీసా లోపల ఎంత ఒత్తిడి ఉంటుందో మీకు నేను చెప్పాలా? డ్యూపాంట్ అనే రసాయన కంపెనీలో పనిచేసిన నథానియల్ వైయెత్ 1973లో పెట్ సీసాకు పేటెంటు పొందాడు. ఆయన తలపడిన చిక్కే అది, సోడా ఒత్తిడికి ఉబ్బిపోని ప్లాస్టిక్ సీసా చేయడం. ప్రీఫార్మ్‌ను (అంటే సీసాగా ఊదకముందు ఉండే చిన్న గొట్టాన్ని) నిలువుగా, అడ్డంగా రెండు వైపులా సాగదీస్తే గొలుసులు వరుసలో సర్దుకుని గట్టిపడతాయి. దారాలు పొడవుగా ఉంటేనే అల్లిక నిలుస్తుంది, తునకలైతే ఎంత బాగా అల్లినా పిగిలిపోతుంది. గొలుసుల పొడవును మేం ఐవీ అనే కొలతతో చూస్తాం. సీసాలకు అది 0.76, 0.84 మధ్య ఉండాలి. కడగడం, కరిగించడంలోనే కొంత పడిపోతుంది. గుళికలను 200 డిగ్రీల చుట్టుపక్కల వేడిలో గాలి తీసేసిన గదిలో గంటల తరబడి ఉంచి దాన్ని మళ్లీ పైకి తెస్తాం. కరెంటు ఖర్చు తక్కువేం కాదు. అంత చేసి ఎక్కించిన ఐవీని పలచటి స్లీవు ముక్కలు దింపేస్తాయి.

ఒక లెక్క వేసి చూపిస్తాను. సీసా నిండా తొడిగే స్లీవు బరువు రెండు గ్రాములు అనుకుందాం. కిలోకు 50 మిల్లీగ్రాములే హద్దు కదా, ఆ లెక్కన ఆ ఒక్క స్లీవు 40 కిలోల ఫ్లేక్‌ను హద్దు అంచుకు తెస్తుంది. సీసా 20 గ్రాములు అనుకుంటే 40 కిలోలంటే రెండు వేల సీసాలు. అంటే ఒక్క స్లీవు, దాని మీద ఇంకో చిన్న ముక్క పడితే చాలు, రెండు వేల సీసాలు మళ్లీ సీసాలు కాకుండా పోవడానికి.

మా దగ్గర సార్టింగ్ యంత్రాలు లేవా అంటే ఉన్నాయి. నియర్ ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసి, తిరిగొచ్చిన వెలుగును బట్టి అది ఏ ప్లాస్టికో క్షణంలో పసిగట్టి, గాలి ఊది పక్కకు నెట్టేస్తాయి. కానీ పాపం ఆ యంత్రం చూసేది పైపైనే. పైన పీవీసీ స్లీవు ఉంటే మొత్తం సీసా పీవీసీ అనుకుని, లోపలున్న మేలైన పెట్‌ను కూడా చెత్తలోకి ఊదేస్తుంది. కార్బన్ బ్లాక్ కలిపిన నల్ల ప్లాస్టిక్‌నైతే అసలు చూడనే చూడదు. యంత్రం దాటేసిన వాటికి మనుషులున్నారు. బెల్టు పక్కన నిలబడి, చేతి తొడుగులతో ఒక్కో సీసా తిప్పి చూసి, బ్లేడుతో స్లీవు చీల్చే ఆడవాళ్లు. ఒకసారి ఒక కంపెనీ సీజన్ స్పెషల్ అని కొత్త స్లీవు దింపింది. మూడు నెలల పాటు బెల్టు దగ్గర బ్లేళ్లు ఆగలేదు. అదే కంపెనీ ఆ మూడో నెలలోనే మాకు మెయిల్ పెట్టింది, "వచ్చే ఏడాదికి ఆర్‌పెట్ సరఫరా పెంచగలరా?" అని. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరగడమంటే ఇదే కదా.

పరిష్కారం పెద్ద విద్య కాదు. తేలే రకం స్లీవులున్నాయి. సీసా ఒంట్లో కొంత భాగమే కప్పి, తక్కినది కనిపించేలా వదలచ్చు. తుంపుకోవడానికి చిల్లుల గీత పెట్టచ్చు. లేబుల్‌కు వేడి కాస్టిక్ సోడా నీళ్లలో ఊడిపోయే గమ్మే రాయచ్చు. మేం 80 డిగ్రీలకు పైగా వేడి కాస్టిక్‌లో కడుగుతాం, అప్పటికీ వదలని గమ్ములున్నాయి. ఆ గమ్ము ఓవెన్‌లో గోధుమ రంగుకు మాడి, సీసాలో పసుపు ఛాయగా తేలుతుంది. ఇవన్నీ మీకు తెలియనివి కావు. మీ ప్యాకేజింగ్ ఇంజనీర్లకు బాగా తెలుసు. బోర్డు రూములో గెలిచేది మాత్రం మార్కెటింగే.

రంగు సంగతి ఇంకా విడ్డూరం.

ఆకుపచ్చ, నీలం, గోధుమ రంగు సీసాలు వేరే కుప్పలోకి పోతాయి. రంగులేని పారదర్శక సీసాల సరుకులో అవి కలిస్తే మొత్తం మురికి రంగుకు తిరుగుతుంది. ప్లాస్టిక్‌లో కలిసిపోయిన రంగును బయటికి తీసే దారి మా దగ్గర లేదు. కాబట్టి రంగు సీసాకు చాలాసార్లు మళ్లీ సీసా అయ్యే యోగం ఉండదు. జపాన్ పరిశ్రమ ఇది ఎప్పుడో గ్రహించింది. 1992లోనే పెట్ సీసాల డిజైన్‌కు తమకు తామే మార్గదర్శకాలు రాసుకుంది. 2001లో రంగు సీసాలకు స్వస్తి చెప్పింది. అరవై ఏళ్లకు పైగా ఆకుపచ్చనే గుర్తుగా చేసుకున్న స్ప్రైట్ కూడా 2022లో ఉత్తర అమెరికాలో పారదర్శక సీసాలోకి మారింది. ఆకుపచ్చ లేబుల్‌లోనూ, మూతలోనూ మిగిలింది. సీసా రంగు పోయిందని స్ప్రైట్ తాగడం మానేసినవాళ్లు నాకైతే తారసపడలేదు.

మీరు రంగు వేయడం ఒక బాధ, మా సరుకు రంగును ఒప్పుకోకపోవడం ఇంకో బాధ. వంద శాతం ఆర్‌పెట్ సీసా కొంచెం బూడిద ఛాయలో ఉంటుంది, ఒక్కోసారి లేత పసుపు. ఎన్నిసార్లు వేడెక్కితే అంత. పక్కన కొత్త రెజిన్ (ముడి ప్లాస్టిక్) సీసా పెట్టి చూస్తే తప్ప మామూలు కంటికి తేడా తెలియదు. కానీ మీ కొనుగోలు విభాగంలో కలర్‌మీటరు ఉంటుంది. ఒకసారి మా లోడు ఒకటి వెనక్కి వచ్చింది. ఐవీ బాగుంది, నీళ్ల రుచి మార్చే ఎసిటాల్డిహైడ్ హద్దులో ఉంది, మచ్చలు లేవు. పసుపు సూచీ మాత్రం స్పెక్ (కొనేవాళ్లు రాసుకున్న కొలతల హద్దు) కంటే పిసరంత ఎక్కువట. ఆ సీసాలో నింపబోయేది ఏమిటో తెలుసా? ముదురు గోధుమ రంగు కోలా. సీసా నిండాక ఆ పసుపు ఎవరికి కనపడుతుందని అడిగితే సమాధానం లేదు, స్పెక్ స్పెక్కేనన్నారు. మంచినీళ్ల సీసాకు రాసుకున్న స్పెక్‌నే అన్నింటికీ అంటించేశారని తర్వాత తెలిసింది. ఎవరో ఒకరు కూర్చుని పానీయానికో స్పెక్ చొప్పున రాస్తే మా సరుకులో ఎంత భాగం వెనక్కి రాకుండా ఉంటుందో!

ఇక భద్రత. ఇక్కడ మాత్రం మీరు ఎంత గట్టిగా ఉంటే నాకంత సంతోషం. చెత్తలోంచి వచ్చిన ప్లాస్టిక్‌లో తాగే నీళ్లా అని జనం భయపడితే అందులో తప్పేముంది? ఖాళీ సీసాలో కిరోసిన్ పోసుకునేవాళ్లుంటారు, పురుగుమందు కలుపుకునేవాళ్లుంటారు. అందుకే ఈ ప్రక్రియను ఆమోదించేటప్పుడు సరుకు శుభ్రంగానే ఉంటుందిలే అని నమ్మరు. ఫ్లేక్‌కు టోల్యూన్, బెంజోఫెనోన్ లాంటి రసాయనాలను కావాలనే పట్టించి, యంత్రంలోకి పంపి, చివర్లో ఎంత మిగిలిందో కొలుస్తారు. మనిషి ఆహారంలోకి చేరేది వంద కోట్ల పాళ్లలో అర పాలు మించకూడదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హద్దు పెట్టుకుంది. ఐరోపాలో అయితే 2022 నాటి నియమం ప్రకారం, సీసాల నుంచి సీసాలు చేసే సరుకులో ఆహారానికి వాడని పెట్ 5 శాతం దాటకూడదు. పెట్‌కు ఈ పరీక్ష నెగ్గే గుణం ఎక్కువ, ఎందుకంటే అది మిగతా ప్లాస్టిక్‌ల కంటే తక్కువగా పీల్చుకుంటుంది. పీల్చుకున్నది కూడా ఆ గంటల తరబడి వేడిలో, వాక్యూమ్‌లో బయటికి పోతుంది. ఎసిటాల్డిహైడ్ అనేది పెట్‌ను కరిగించినప్పుడు తనంతట తానే పుడుతుంది. కొద్దిపాటిగా ఉన్నా మంచినీళ్లలో పండు వాసన లాంటి రుచిగా తెలిసిపోతుంది, సోడాలో అయితే దాక్కుంటుంది. నీళ్ల సీసాలకు మేం ఎక్కువ జాగ్రత్తపడేది అందుకే.

ఇదంతా చేసే ప్లాంటుకు ఖర్చవుతుంది. ఇవేవీ చేయకుండా అదే పేరుతో అమ్మే వాళ్లకు అవదు. మా వాళ్లందరూ శుద్ధపూసలని నేను చెప్పను. దుప్పట్ల నూలుకు పోవాల్సిన ఫ్లేక్‌ను ఫుడ్ గ్రేడ్ అని రాసి పంపాలని చూసేవాళ్లూ మా రంగంలో ఉన్నారు. కాబట్టి ఏ బేలు (కుక్కి కట్టిన సీసాల మూట) ఎక్కడి నుంచి వచ్చింది, ఏ లాటులో కలిసింది, ఏ ప్రీఫార్మ్‌లోకి పోయింది అని ఆరా తీయండి. కాగితాలు అడగండి, చెప్పకుండా తలుపు తట్టండి. మా ల్యాబ్‌లో ఎవరూ నొచ్చుకోరు. ఇంత జాగ్రత్తపడే ప్లాంటునూ, కాటా మీద తూకం తప్ప ఏమీ చూడని ప్లాంటునూ ఒకే ధరకు బేరమాడినప్పుడు మాత్రం నొచ్చుకుంటాం.

ధర మాట వచ్చింది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను. పెట్ ముడిసరుకు చమురు నుంచే వస్తుంది. చమురు ధర పడితే కొత్త రెజిన్ చౌకవుతుంది. మా ఖర్చు మాత్రం పడదు. సీసా ఏరేవాళ్ల కష్టం, లారీ కిరాయి, వేడినీళ్లు, కరెంటు ఎప్పుడూ ఉండేవే. అలాంటి నెలల్లో మీ ఆర్డర్లు మాయమవుతాయి. "ఈ క్వార్టర్‌కు ఆగండి" అని ఒక్క లైను వస్తుంది. ప్లాంటులో ఒక యంత్రాల లైను ఆపితే మళ్లీ నడపడం స్విచ్చి వేసినంత తేలిక కాదు. బేళ్లు ఎండలో పడి ఉంటాయి, బెల్టు దగ్గర మనుషులు వేరే పనులు వెతుక్కుంటారు, మాకు సీసాలు తెచ్చిచ్చే ఏరివేతదారులకు రేటు సగానికి పడుతుంది. ఆ తర్వాత ఏదో ఒక చట్టం గడువు దగ్గరపడుతుంది. అప్పుడు అందరూ ఒకేసారి వచ్చి పడతారు, సరుకు చాలడం లేదని పత్రికలకు చెబుతారు.

చట్టాలు రాకుండా ఏమీ లేవు. ఐరోపా సమాఖ్య 2019 నాటి ఆదేశంలో పెట్ పానీయాల సీసాల్లో 2025 నుంచి 25 శాతం, 2030 నుంచి ప్లాస్టిక్ పానీయాల సీసాలన్నింటిలో 30 శాతం రీసైకిల్ సరుకు ఉండాలంది. కాలిఫోర్నియా 2022లో 15 శాతంతో మొదలుపెట్టి 2030కి 50 శాతం అంది. భారతదేశంలో 2022 నిబంధనలు గట్టి ప్లాస్టిక్ ప్యాకేజింగ్‌కు 2025-26లో 30 శాతంతో మొదలుపెట్టి 2028-29కి 60 శాతం లక్ష్యం పెట్టాయి. మీరు స్వయంగా చేసిన వాగ్దానాలూ ఉన్నాయి. 2030 నాటికి ప్యాకేజింగ్‌లో 50 శాతం రీసైకిల్ సరుకు వాడతామని కోకాకోలా 2018లో ప్రకటించింది. 2024 డిసెంబరులో దాన్ని 2035 నాటికి 35 నుంచి 40 శాతంగా మార్చుకుంది. ఆ ప్రకటన చదివి మా మేనేజరు ఏమీ అనలేదు. ఇంకో వాషింగ్ లైను కొనడానికి తెచ్చుకున్న కొటేషన్లను సొరుగులో పెట్టేశాడు.

నేను అడిగేది దానధర్మం కాదు. మూడేళ్లకో, ఐదేళ్లకో ఒప్పందం రాసుకుందాం. ధరను చమురుకు కట్టకుండా మా అసలు ఖర్చులకు కడదాం. చమురు పడ్డ ఏడాది మీకు కాస్త ఎక్కువ పడుతుంది, పెరిగిన ఏడాది తక్కువ పడుతుంది. బ్యాంకు అప్పు ఇవ్వడానికి ఆ కాగితం చాలు, అప్పు దొరికితే ఆ సొరుగులోని కొటేషన్లు బయటికొస్తాయి. ప్రకటనల మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇదెంత?

ప్రకటనలంటే గుర్తొచ్చింది. "నేను 100 శాతం రీసైకిల్ ప్లాస్టిక్ సీసాను" అని పెద్ద అక్షరాల్లో, "మూత, లేబుల్ మినహా" అని చీమ తలంత అక్షరాల్లో వేస్తున్నారు. ఇలాంటి మాటల మీద ఐరోపా వినియోగదారుల సంఘాల సమాఖ్య బీఈయూసీ 2023 నవంబరులో కోకాకోలా, డానోన్, నెస్లేల మీద ఫిర్యాదు చేసింది. 2025 మేలో కోకాకోలా ఆ రాతలను మార్చుకుంటానని యూరోపియన్ కమిషన్‌కు హామీ ఇచ్చింది. "రీసైకిల్ చేయదగినది" అన్న మాటకూ "రీసైకిల్ చేసిన దానితో తయారైనది" అన్న మాటకూ మధ్య ఎంత దూరమో మీ కాపీ రైటర్లకు తెలుసు. కొనేవాళ్లకే తెలియదు. ఇంకో కొత్త తమాషా, ఖాతా పుస్తకాల్లో కూడికలు, తీసివేతలు చేసి, ఒక ఫ్యాక్టరీలో వాడిన రీసైకిల్ సరుకును ఇంకో ఫ్యాక్టరీ సీసా మీద చూపించడం. ఈ సీసాలో నిజంగా ఎంత ఉందో అంతే రాయండి. 30 శాతమైతే 30 అనే రాయండి, అది చిన్న సంఖ్యేమీ కాదు.

ఆ సంఖ్య ఎందుకు చిన్నది కాదో చెబుతాను. వంద సీసాలు అమ్మితే అరవై వెనక్కి వచ్చాయనుకుందాం. మూతలు, లేబుళ్లు, మురికి, పాడైన ముక్కలు పోను ఎనభై శాతమే సీసాకు పనికొచ్చిందనుకుందాం. అరవైలో ఎనభై శాతం అంటే నలభై ఎనిమిది. ఒక్క ముక్క కూడా బట్టల మిల్లుకు పోకపోయినా, ఒక్క లాటూ ఓవెన్‌లో ఓడిపోకపోయినా అంతకు మించి ఎవరూ ఇవ్వలేరు. కానీ బట్టల మిల్లుకు చాలా పోతుంది. రీసైకిల్డ్ పాలిస్టర్ చొక్కా అని మీరు చూసేదంతా దాదాపు మా సీసాల నుంచే వెళ్లింది. చొక్కా అయ్యాక అది మళ్లీ చొక్కా కావడం అరుదు, సీసా అసలే కాదు. పాత బట్టలతో బట్టలు నేసే దారి వాళ్లు వెతుక్కోవాలని నా అభిప్రాయం. మా సీసాలు మాకు వదిలేస్తే చాలు.

అందుకే ఎంత వాడతారన్న లక్ష్యం, ఎంత వెనక్కి తెస్తారన్న లక్ష్యం లేకుండా ఉత్త కాగితమే. జర్మనీ 2003లో ఒకసారి వాడే సీసాల మీద డిపాజిట్ (ఖాళీ సీసా ఇస్తే తిరిగొచ్చే సొమ్ము) పెట్టింది. నార్వే అంతకు ముందే, 1999లో మొదలుపెట్టింది. ఈ రెండు చోట్లా నూటికి తొంభైకి పైగా సీసాలు వెనక్కి వస్తున్నాయి. డిపాజిట్ యంత్రంలో వేసిన సీసాలో కిరోసిన్ వాసన రాదు, అన్నం మెతుకులు అంటుకుని ఉండవు. ల్యాబ్‌లో కూర్చున్న నాలాంటి దానికి అంతకంటే ఏం కావాలి? కానీ డిపాజిట్ చట్టం మాట ఎత్తినప్పుడల్లా చాలా దేశాల్లో పానీయాల పరిశ్రమ సంఘాలు అడ్డం పడటం చూశాం. ఒక చేత్తో రీసైకిల్ సరుకు కావాలని అడుగుతూ, ఇంకో చేత్తో అది వచ్చే దారికి అడ్డం పెడితే ఎలా? ఆ సంఘాలకు చందాలు కట్టేది మీరే కదా, మీరు చెబితే వింటారు.

డిపాజిట్ లేని చోట్ల ఆ పని మనుషులు చేస్తున్నారు. తెల్లవారకముందే గోనె సంచితో బయల్దేరి సీసాలు ఏరే వాళ్లు లేకపోతే మా గేటు లోపలికి ఒక్క బేలూ రాదు. వాళ్లకు స్లీవు భాష బాగా తెలుసు. ఏ బ్రాండు సీసాకు రేటు వస్తుందో, ఏది తీసుకున్నా దండగో వాళ్లను అడగండి, ఏ కన్సల్టెంటూ ఇవ్వని రిపోర్టు ఇస్తారు. రంగు సీసాను చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మళ్లీ కాలువలోకే విసిరేయడం నేను కళ్లారా చూశాను. ఆ క్షణాన ఆ సీసాను చెత్త చేసింది ఏరివేతదారు కాదు. వాళ్ల శ్రమకు, గుర్తింపుకు, చేతి తొడుగులకు మీ సరఫరా ఖర్చులో చోటు ఉండాలి. ఫొటోలు తీసి వార్షిక నివేదికలో వేసుకుంటున్నారు, ఆ పేజీ పక్కనే వాళ్లకు కిలోకు ఎంత దక్కిందో కూడా వేయండి.

మీరు చేసిన మంచి కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. ఐరోపాలో 2024 జూలై నుంచి మూత సీసాకు అంటుకునే ఉండాలన్న నియమం వచ్చింది. ముక్కుకు తగులుతోందని జనం విసుక్కున్నారు, మీరు కూడా చట్టం కాబట్టే చేశారు. అయినా మూత సీసాతో పాటే వెనక్కి వస్తుంది కదా. మా లాంటి తొట్టిలో పైకి తేలుతుంది, వేరే సంచిలోకి పోతుంది, అది కూడా అమ్ముడుపోతుంది. కాలువలో పడి ఉండాల్సిన మూత.

ఇన్ని చెప్పాక నా నోటితో చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న మాట కూడా ఒకటుంది. కడిగి మళ్లీ నింపుకునే సీసా ఉన్న చోట మా అవసరమే అంతగా ఉండదు. ఒకే సీసా చాలాసార్లు తిరుగుతుంటే నా ఓవెన్ ఖాళీగా ఉంటుంది. దగ్గరి ఊళ్లకు పంపే పానీయాలకు ఆ దారి ఉంటే ముందు అదే చూడండి. దూరం పోవాల్సినవి, మళ్లీ నింపడం కుదరనివి మాత్రం మాకు సరిగ్గా పంపండి. 2015 దాకా ప్రపంచంలో చెత్తగా మారిన ప్లాస్టిక్‌లో రీసైకిల్ అయింది 9 శాతమేనని 2017లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. అన్ని ప్లాస్టిక్‌లలో తేలిగ్గా మళ్లీ అదే వస్తువు కాగలిగింది పారదర్శక పెట్ సీసా. దీన్నే సరిగ్గా చేయలేకపోతే సాషేలు, పొరల పొరల డబ్బాల గురించి మాట్లాడుకోవడం ఎందుకు?

చివరగా ఒక చిన్న పని. మీ దగ్గర ఇప్పుడు ఏదో ఒక కొత్త సీసా డిజైన్ ఆమోదం కోసం తిరుగుతూనే ఉంటుంది. అది ప్రింటుకు పోకముందే పది ఖాళీ సీసాలకు స్లీవు తొడిగి, మూత బిగించి, అచ్చం అంగడికి పంపినట్టే మీ సరుకు కొనే ప్లాంటు ల్యాబ్‌కు పంపండి. మాకైనా సరే, ఇంకెవరికైనా సరే. ముక్కలు చేయడం, తొట్టిలో వేయడం, వేడి కాస్టిక్‌లో కడగడం, ఆరబెట్టి ఓవెన్‌లో పెట్టడం, అన్నీ కలిపి ఒక పూట పని. డబ్బు అడగను. సాయంత్రానికి ట్రే ఫొటో మీ ఫోనులో ఉంటుంది, ఏ ముక్క నల్లబడిందో దాని చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో గీసి మరీ పంపుతాను.

ఇట్లు,
ఒక రీసైక్లింగ్ ప్లాంటు క్వాలిటీ ల్యాబ్ ఉద్యోగిని